ఇస్త్రీ చేసిన రక్తం

ల్యాబ్, రెండో అంతస్తు
జూన్ 9

కత్తెర చేతబట్టిన మహానుభావులు, మా అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ, ఊరందరికీ టైలరు అయిన తమరి సముఖానికి,

తమరి మేనల్లుడు తల వంచుకుని రాస్తున్నాడు. భక్తితో కాదు. మైక్రోస్కోపులో చూసీ చూసీ మెడ పట్టేసింది.

మొన్న నువ్వు వచ్చినప్పుడు నీ చేతి నుంచి నేనే రక్తం తీశాను కదా. గాజుపలక మీద పరిచి, రంగు వేసి, ఆరబెట్టి, తెల్ల కణాల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాను. వందలో ఒక్కటి. ఒకే ఒక్క ఇసినోఫిల్. నా మీద నాకే నమ్మకం పోయి ఇంకో వంద లెక్కపెట్టాను. అందులో అదీ లేదు.

నీ రక్తం తియ్యకముందే మా మేడమ్ దగ్గర పెద్ద గొప్పలు పోయాను. "మా మామయ్యకి రెండేళ్ళుగా దగ్గు, ఆయాసం, ముక్కు దిబ్బడ. వందకి ఇరవై ఇసినోఫిల్స్ తగ్గవు మేడమ్, కావాలంటే రాసిస్తా" అన్నాను. "రాసివ్వక్కర్లేదు, లెక్కపెట్టు చాలు" అందావిడ. ఇప్పుడు నేను ఎదురుపడ్డప్పుడల్లా మాట్లాడదు. ఒక వేలు చూపించి వెళ్ళిపోతుంది.

ఇసినోఫిల్ అంటే ఎవరని అడిగావు. రక్తంలో తెల్ల కణాలు చాలా రకాలు. ఈ రకం అన్నిట్లోకీ సోకుగా ఉంటుంది. లోపల కళ్ళజోడులా రెండు ముక్కల కేంద్రకం, ఒళ్ళంతా నారింజ రంగు పూసలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి గానీ ఆ పూసల్లో ఉన్నది విషం. కడుపులో పురుగులు చేరితే వాటి చుట్టూ మూగి ఆ విషం కుమ్మరించడం వీటి ఉద్యోగం. వచ్చిన చిక్కేమిటంటే, ఒక్కోసారి పురుగు లేకుండానే వీటికి కబురు వెళ్తుంది. దుమ్మువల్లో, పుప్పొడివల్లో, అసలు ఏ కారణమూ లేకుండానో. కబురందాక ఇవి ఊరికే చూసి పోయే రకం కాదు. దొరికిన చోట కుమ్మరిస్తాయి. ఊపిరి గొట్టాల గోడ మీద కుమ్మరిస్తే గోడ వాస్తుంది. నీ దగ్గు ఆ వాపేనని నా వాదన. నీ రక్తం ఏమో నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది.

ఫోన్ చేస్తే ఎత్తవు. మాట్లాడితే దగ్గొస్తుంది, ఉత్తరం రాయి అంటావు. ఉత్తరంలో దగ్గు వినపడదని నీ ధైర్యం. సరే, ఈ ప్రశ్నలకి జవాబులు రాయి: దగ్గు ఎలా ఉంది, ఆయాసం ఎప్పుడొస్తుంది, ముక్కు సంగతేంటి, ఏ మందులు వాడుతున్నావు, ఇంకేమైనా ఇబ్బందులున్నాయా.

ఇట్లు,
వేలెత్తి చూపబడుతున్న
నీ మేనల్లుడు

* * *

టైలరింగ్ షాపు, కటింగ్ బల్ల
జూన్ 16

ఒరేయ్ అల్లుడూ,

ఉత్తరం అందింది. నేను చదివాను. మీ అత్తయ్య చదివింది. ప్యాంటు పొట్టి చేయించుకోడానికొచ్చిన హెడ్మాస్టరు కూడా చదివి, తప్పుల్లేవు, కానీ పొగరుంది అన్నాడు.

ఒక్కటే కనపడిందన్నావు. అది కూడా నీ కంటిరెప్ప వెంట్రుకేమో, ఇంకోసారి చూసుకో.

ముప్పయ్యేళ్ళుగా బట్ట కత్తిరిస్తున్నాను. నూగు ముక్కులోకి పోతుంది. టైలరన్నవాడు దగ్గుతాడు. ఉల్లిపాయలు కోసేవాడి కళ్ళు చూసి వీడికేదో దుఃఖమొచ్చిందని మందిస్తారా ఎవరైనా?

నీ ప్రశ్నలకి జవాబులు. దగ్గు: ఉంది, చెప్పుకోదగ్గంత కాదు. ఆయాసం: మెట్లెక్కితే. అందుకని ఎక్కను. ముక్కు: ఉంది. మందులు: ఏమీ లేవు. ఇంకేమైనా ఇబ్బంది: మేనల్లుడు.

స్కూలు యూనిఫారాలు అరవై జతలు ఒప్పుకున్నాను. పనుంది. నీకు లేనట్టుంది.

మామయ్య

* * *

ల్యాబ్, రెండో అంతస్తు
జూన్ 23

చెప్పుకోదగ్గంత కాని దగ్గు గల మామయ్యకి,

ఉత్తరం మేడమ్‌కి చూపించాను. "మీ మామయ్య భలే ఉన్నాడే" అని నవ్వింది. నేను ఇక్కడ రెండేళ్ళుగా వేస్తున్న జోకులకి ఆవిడ ఒక్కసారీ నవ్వలేదని మనవి.

నవ్వాక ఒక మాట చెప్పింది. ఇసినోఫిల్ రక్తంలో ఉండేది కొద్ది గంటలే. రక్తం దానికి బస్సు. ఎక్కుతుంది, దిగాల్సిన చోట దిగి లోపలికి పోతుంది. దిగాక అక్కడే రోజులకి రోజులు మకాం. కాబట్టి బస్సు ఖాళీగా ఉందంటే ఊరు ఖాళీగా ఉన్నట్టు కాదు. "ఇంకోసారి, ఇంకో చోట, ఇంకో రోజు చూడండి" అంది.

మీ బజారు చివర ల్యాబు ఉంది కదా. అక్కడ రక్తమిచ్చి లెక్క నాకు పంపు. నీ కాళ్ళు పట్టుకున్నాననే అనుకో. నిజంగా పట్టుకోడానికి సెలవు దొరకలేదు.

మేనల్లుడు

* * *

టైలరింగ్ షాపు
జూలై 8

విజయవార్త విను అల్లుడూ,

రెండు! వందలో రెండు! ల్యాబు పిల్ల కాగితం ఇస్తూ "అంకుల్, అంతా నార్మల్" అంది. ఆ కాగితం అద్దం పక్కన అతికించాను. కొలతలకి వచ్చినవాళ్ళందరూ చదువుతున్నారు. నీ చదువుకైన ఖర్చు తల్చుకుని మీ అమ్మ ఏమంటుందో నాకు అనవసరం.

దీంతో ఈ కేసు కొట్టేశాం. ఇక యూనిఫారాల మాట. నలభై జతలు అయ్యాయి. మొన్నట్నుంచీ కుట్టు కాస్త వంకర పోతోంది. మిషనుకి నూనె వేశాను, బెల్టు మార్చాను. ఆఖరికి తేలిందేమిటంటే తప్పు మిషనుది కాదు, నా ఎడమ కాలిది. సగం దూరం తొక్కి అలిగి కూర్చుంటోంది. చెప్పు కూడా కాల్లోంచి జారిపోతోంది. ఇంట్లో నడుస్తుంటే ఒక చెప్పు నాతో వస్తుంది, ఇంకోటి వంటింట్లో ఉండిపోతుంది. రెండు సార్లు గడప తగిలి బోర్లా పడబోయాను. మీ అత్తయ్య నవ్వి నవ్వి చచ్చింది.

మామయ్య

(అంచున, వేరే చేతిరాత) నాన్నా, నేను నవ్వలేదు. ఆయన కాళ్ళ మీద ఎర్రగా, నొక్కినా పోని మచ్చలొచ్చాయి. దోమలంటున్నారు. దోమలు కుడితే నాకు తెలీదా? నీకు రాయొద్దన్నారు, అందుకే అంచున రాస్తున్నా. అత్తయ్య.

* * *

ల్యాబ్
జూలై 12

మామయ్యా,

ఒక్క విషయం చెప్పు. గత రెండేళ్ళలో నువ్వు మింగిన ప్రతి మాత్ర పేరూ నాకు కావాలి. దగ్గుకి, జలుబుకి, తలనొప్పికి, దేనికైనా. పేరు తెలీకపోతే రంగు, సైజు చెప్పు. డాక్టరిచ్చాడా, షాపులో కొన్నావా, ఎప్పుడెప్పుడు వేసుకున్నావు, అంతా రాయి.

ఎడమ కాలి బొటనవేలు పైకి ఎత్తి చూడు. ఎత్తగలుగుతున్నావా లేదా?

వెంటనే రాయి. అత్తయ్యనే పోస్టు డబ్బాలో వెయ్యమను.

మేనల్లుడు

* * *

టైలరింగ్ షాపు
జూలై 17

అల్లుడూ,

ఇదేం ఉత్తరంరా, పోలీసు స్టేషన్నుంచి వచ్చినట్టుంది! "తమరి" లేదు, "సముఖానికి" లేదు. జ్వరం గానీ వచ్చిందా?

బొటనవేలు లేవడం లేదు. బతిమాలాను. వినలేదు.

ఇక మందులు. అబద్ధమాడాననుకోకు. నువ్వు "వాడుతున్నావు" అని అడిగావు. వాడటం వేరు, అవసరానికి వేసుకోవడం వేరు. మా వీధి మందుల షాపాయన చిన్న తెల్ల మాత్ర ఇస్తాడు. శనగ గింజలో సగం ఉంటుంది. దగ్గు మరీ ముదిరితే నాలుగు రోజులు వేసుకుంటాను. బ్రహ్మాండంగా పని చేస్తుంది. ఏడాదిన్నరై ఇదే నడుస్తోంది. మీ డాక్టర్లెవరికీ చేతకానిది ఆయనకి చేతనైంది.

రక్తపరీక్షకి ముందు మాత్రం తప్పకుండా వేసుకుంటాను. ముందురోజు రెండు, ఆ పొద్దున రెండు. నీ దగ్గరికి వచ్చినప్పుడూ అంతే, ఇక్కడా అంతే. ఎందుకంటావా? ఈ షాపులో ముప్పయ్యేళ్ళుగా ఒక్క బట్టయినా ఇస్త్రీ చేయకుండా ట్రయల్‌కి ఇచ్చానా? ముడతలతో ఇస్తే కుట్టు బాగున్నా చూసేవాడికి వంకరగా కనపడుతుంది. నలుగురూ చూసే వస్తువు ఏదైనా నీటుగా చేసి ఇవ్వడం నా పద్ధతి. పరాయివాళ్ళ ముందు పెట్టేది నా రక్తమైనా అంతే.

మామయ్య

* * *

ల్యాబ్
జూలై 20

మామయ్యా మామయ్యా మామయ్యా,

నీ ఉత్తరం చదివి నేను గోడకి తల ఆనించుకుని నిలబడ్డాను. మేడమ్ వచ్చి ఏమైందంది. చదివి వినిపించాను. ఆవిడా నా పక్కన అదే గోడకి ఆనుకుంది.

రక్తానికి ఇస్త్రీ! పదహారేళ్ళు చదివాను. ఏ పుస్తకంలోనూ ఏ ప్రొఫెసరూ చెప్పలేదు, రోగి తన రక్తాన్ని ముందుగా ఇస్త్రీ చేసుకుని తెస్తాడని!

ఆ తెల్ల మాత్ర స్టెరాయిడ్. ఇసినోఫిల్స్‌ని కొద్ది గంటల్లో రక్తంలోంచి మాయం చేస్తుంది. ఏ ముడత చూడ్డం కోసం నేను కళ్ళు పొడుచుకున్నానో దాన్నే నువ్వు వేడిగా సాపు చేసి నా చేతిలో పెట్టావు. నేను "మామయ్య రక్తం ఎంత చక్కగా ఉందో" అని సంతకం పెట్టాను. నా సంతకం! రిజిస్టర్లో ఉంది!

నువ్వు నాలుగు రోజులు వేసుకుని మానేసినప్పుడల్లా అవి సందు చూసుకుని మళ్ళీ వస్తున్నాయి. ముందు ముక్కు, తర్వాత ఊపిరితిత్తులు. ఇప్పుడు కాలి నరానికి రక్తం తెచ్చే సన్నటి నాళాల గోడలు వాచాయని మా డాక్టరుగారి అనుమానం. అందుకే బొటనవేలు లేవడం లేదు. ఆ మచ్చలూ దోమలు చేసినవి కావు.

సోమవారం పొద్దున్న బస్సుకి నువ్వూ అత్తయ్యా రావాలి. డాక్టరుగారితో మాట్లాడాను. మాత్రల అట్ట తీసుకురా, ఒక్కటి కూడా దాచకు. ఆయాసం పెరిగితే సోమవారం దాకా ఆగకుండా దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి వెళ్ళి అట్ట చూపించు. అంతేగానీ నీ అంతట నువ్వు వేసుకోకు. ముడతలతో రా. చెమటతో రా. దగ్గుతూ రా.

మేనల్లుడు

* * *

టైలరింగ్ షాపు
జూలై 22

అల్లుడూ,

వస్తాం. తిట్టడం ఆపు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముక్కన్నావు, ఊపిరితిత్తులన్నావు, కాలి నరమన్నావు. అక్కడ ఆగిపోయావు. నువ్వు ఎక్కడా మధ్యలో ఆగే రకం కాదు, చిన్నప్పుడు బల్ల మీద కూర్చోబెడితే నోరు మూయడానికి గుండీల డబ్బా ఇవ్వాల్సొచ్చేది. కాలి తర్వాత ఏముందిరా?

నేనూ ఒకటి చెప్తాను. ఇస్త్రీ సంగతి నిజమే. కానీ అంతా అదే కాదు. రెండేళ్ళ కిందట ఒక డాక్టరు నా దగ్గు విని, బట్టల దుమ్ము, ఇంకో పని చూసుకోండి అన్నాడు. ఆకు తుంపినంత తేలిగ్గా అన్నాడు. ఇంకో పని ఏముంది నాకు? ఈ వయసులో వెళ్ళి ఎవరి గేటు ముందు కూర్చోను? అప్పట్నుంచీ ఏ కాగితం చేతికొచ్చినా అందులో "మానెయ్" అని ఉంటుందేమోనని భయం. బాగుందని వస్తే ఆ మాట అనరు కదా. అంతే.

ఇప్పుడు మిషను తొక్కే కాలే పోతోంది. ఎడమ కాలు లేని టైలరు ఉంటాడేమో గానీ నేను చూడలేదు. ఇరవై జతలు మిగిలాయి.

మామయ్య

* * *

ల్యాబ్
జూలై 28

నాలుగో అంతస్తు, కిటికీ పక్క మంచం మీదున్న మామయ్యకి,

ఒకే భవనంలో ఉండి ఉత్తరం రాయాల్సిన గతి పట్టింది. నిన్న సాయంత్రం నీ మంచం దగ్గర నేను కాస్త గట్టిగా మాట్లాడినందుకు వార్డు సిస్టరు "అరిచే చుట్టాలు కిందే ఉండాలి" అని నన్ను బయటికి పంపింది. ఈ కాగితం అత్తయ్య చేతికిస్తున్నాను.

లెక్క అయింది. వందలో నలభై ఆరు. నేను లెక్కపెట్టాను, మేడమ్ లెక్కపెట్టింది, మేడమ్‌కి నలభై ఏడు వచ్చింది. ఎక్కడ చూసినా నారింజ పూసలే. పలక మీద పెళ్ళివారు దిగినట్టుంది. గెలిచినవాడిలా గంతులెయ్యాల్సింది. మేడమ్ ఒక వేలు చూపించడం మానేసి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పెట్టింది.

ఈ జబ్బు పేరు నీ టేపుకి అందదు, వదిలెయ్. కాలి దగ్గర తీసిన చిన్న చర్మం ముక్కలోనూ అవే కనపడ్డాయి, రక్తనాళాల గోడల్ని చుట్టుముట్టి.

కాలి తర్వాత ఏముందని అడిగావు. నేను రాయలేదు, ఎందుకంటే పెన్ను కదల్లేదు. గుండె, మామయ్యా. ఇవి గుండె కండలోకి కూడా వెళ్ళగలవు. ఈ జబ్బులో మనిషిని తీసుకుపోయేది ఎక్కువగా అదే. ఇవాళ పొద్దున నీకు తీసిన స్కానింగు దాని కోసమే, "ఊరికే మామూలుగా" అని నేను నిన్న చెప్పింది అబద్ధం. గుండె బాగుంది. ఇంకా అక్కడిదాకా వెళ్ళలేదు. మధ్యాహ్నం ఆ కాగితం చూశాకే అన్నం తిన్నాను.

మేనల్లుడు

* * *

వార్డు, నాలుగో అంతస్తు
జూలై 29 (పరీక్ష కాగితం వెనకవైపు)

ఒరేయ్,

దాచడంలో నువ్వూ తక్కువ తినలేదు.

ఇందాక డాక్టరుగారు వచ్చారు. ఏ మందిస్తున్నారని అడిగాను. అట్ట తీసి చూపించారు. అదే తెల్ల మాత్ర! మా షాపాయన ఇచ్చిందే! రోజుకి ఎనిమిదట. మరి నన్నెందుకురా తిట్టావు? మందు సరైందే, సైజే చాల్లేదు. ఇంతకీ రోగం కనిపెట్టింది ఎవరు, నువ్వా మా షాపాయనా?

సిస్టరు మంచిది. ఆవిడ కోటుకి చంక దగ్గర బిగుతు, ఇటిస్తే విప్పి సరిచేస్తానన్నాను. నీకు వార్డులోకి రావడానికి అనుమతి ఇప్పించాను. మెల్లిగా మాట్లాడాలి.

మామయ్య

* * *

ల్యాబ్
జూలై 29

మామయ్యా,

మందు సరైందే, సైజే చాల్లేదు అన్నావు చూడు, ఆ వాక్యం చదివి నేను ఉద్యోగం మానేసి హిమాలయాలకి పోదామనుకున్నాను.

దొంగ వస్తే నువ్వు తలుపు సందులోంచి "ఎవర్రా" అని అరిచి మళ్ళీ పడుకుంటున్నావు ఏడాదిన్నరగా. వాడు పక్కింట్లో దాక్కుని తిరిగొస్తున్నాడు. ఇప్పుడు డాక్టరుగారు చేసేది వాడు వెళ్ళేదాకా లైటు వేసి కూర్చోవడం. ఎనిమిది మొదలుపెట్టి, నెలల తరబడి చూస్తూ, ఆయన చెప్పినప్పుడు ఆయన చెప్పినంత తగ్గిస్తారు. మధ్యలో నువ్వు ఆపకూడదు, ఒక్కపూట కూడా. తర్వాత ఇసినోఫిల్స్‌కి పిలుపు వెళ్ళే దారినే మూసేసే ఇంజెక్షన్ కూడా మొదలుపెడతారు.

ఇంకోటి. పని మానెయ్యాలా అని నువ్వు అడగలేదని నేనే అడిగాను. "బట్ట నూగు వల్ల వచ్చింది కాదిది. మూతికి గుడ్డ కట్టుకుని కుట్టుకోమనండి" అన్నారు. కాలి సంగతి మాత్రం ఆయనా మాట ఇవ్వలేదు. నరం మెల్లిగా కోలుకుంటుంది, ఎంతవరకో ఇప్పుడు చెప్పలేమన్నారు. పాదం వేలాడకుండా పట్టీ ఇస్తారు. అత్తయ్యకి వ్యాయామాలు నేర్పిస్తారు.

పైకి వస్తున్నాను. నిద్ర నటించకు.

మేనల్లుడు

* * *

ల్యాబ్, రెండో అంతస్తు
అక్టోబరు 19

ఆరోగ్యవార్తల ప్రధాన సంపాదకులు, మా మామయ్య గారికి,

ఈ వారంలో తమరి నుంచి అందిన ఉత్తరాలు పదకొండు. సోమవారం రెండు తుమ్ములు. మంగళవారం ఒక తుమ్ము, అది కూడా సగం. బుధవారం మోకాలు చిటుక్కుమంది, ఎడమదా కుడిదా అన్నది సాయంత్రం ఉత్తరంలో. మాత్రలు మింగిన వేళ నిమిషాలతో సహా. గురువారం ఉత్తరంలో నీ నాలుక బొమ్మ గీసి రంగు వేశావు. పోస్టుమాన్ నన్ను చూసి జాలిపడుతున్నాడు.

ఒకప్పుడు ఏమీ చెప్పేవాడివి కాదని ఏడ్చాను. ఆ మనిషిని వారానికి ఒక్కరోజైనా తిరిగి పంపగలవా?

ఇన్ని రాశావు గానీ, పదకొండింటిలో ఎక్కడా కుట్టు గురించి ఒక్క ముక్క లేదు. మిషను దగ్గర కూర్చున్నావా?

ఈ నెల లెక్క: వందలో మూడు. డాక్టరుగారు తగ్గించి రాసినన్ని మాత్రలే వేసుకున్నావు, దొంగ ఇస్త్రీ లేకుండా వచ్చిన మూడు ఇవి. సంతకం పెట్టాను.

మేనల్లుడు

* * *

టైలరింగ్ షాపు, మిషను దగ్గర
నవంబరు 15

అల్లుడూ,

అడిగావు కాబట్టి చెప్తాను. అప్పుడు కూర్చోలేదు. మూడు నెలలు ఆ మిషను మీద దుప్పటి కప్పి ఉంచాను. మిగిలిన ఇరవై జతలూ అవతలి వీధి టైలరు కుట్టిచ్చాడు. కాజాలు దారుణం. మీ అత్తయ్య మోటారు పెట్టిద్దామంది, చేత్తో నొక్కితే తిరుగుతుందట. నేను ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు.

పోయిన ఆదివారం దుప్పటి తీశాను. పాదానికి పట్టీతో కూర్చుని తొక్కాను. మడమ దిగుతోంది, వేళ్ళు లేవడానికి ఆలోచిస్తున్నాయి. అవి ఆలోచించేలోపు కుడికాలు లాగేస్తోంది. పది కుట్లు పడతాయి, ఆగుతుంది. మళ్ళీ పది. కాజా కుట్టేంత సన్నపని ఇంకా రాదు. వస్తుందో రాదో డాక్టరుగారికే తెలీదు, నీకేం తెలుస్తుంది.

ఈ పార్శిల్‌లో ఉన్నది నీకు చొక్కా. అయిదు రోజులు పట్టింది. ఇదివరకు పూటకి రెండు కుట్టేవాణ్ణి. కాలరు ఒకవైపు దిగింది. ఎడమ చెయ్యి అరంగుళం పొడుగు. పక్క కుట్టు చూస్తే నేను ఎక్కడెక్కడ ఆగానో నీకే తెలుస్తుంది, లెక్కపెట్టుకో. విప్పేసి మళ్ళీ కుడదామని రెండుసార్లు బ్లేడు తీశాను. మీ అత్తయ్య లాక్కుని పార్శిల్ కట్టేసింది.

మొదట్నుంచి చివరిదాకా నేనే తొక్కాను. ల్యాబుకి వేసుకెళ్ళు. ఎవరు కుట్టారని అడిగితే నా పేరే చెప్పు.

మామయ్య